ఆయన పట్టని తుపాకీ

మా ఆయన యుద్ధంలో ఎంతమందిని చంపారన్నది మా మావగారి ఉత్సాహాన్ని బట్టి ఉండేది. మామిడి పూత విరగబూసిన ఏడు ఎక్కువమంది చచ్చేవాళ్ళు. మంచు పడి పూత మాడిన ఏడు కాస్త తక్కువమంది. తోట కొనడానికి వచ్చిన షావుకారు మరీ నోరు తెరుచుకుని వింటుంటే ఒక జపాను ఆఫీసరు కూడా అందులో చేరేవాడు. నేను తలుపు వెనక నిలబడి అన్నీ విని, ఏమీ విననట్టు మజ్జిగ గ్లాసులు బయటికి అందించేదాన్ని. విన్నంతసేపూ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఎందుకంటే నాకు నిజం తెలుసు. మా ఆయన ఒక్కర్నీ చంపలేదు. తుపాకీ పట్టుకోనే లేదు.

నూజివీడు చుట్టుపక్కల తోటల బేరం ఎలా ఉంటుందో చెబితే గాని ఈ గొడవ అర్థం కాదు. మా వైపు కాయ చూసి తోట కొనరు, పూత చూసి కొంటారు. చలికాలం చివర షావుకార్లు వచ్చి, చెట్ల కింద తలలెత్తుకుని తిరిగి, ఒక మాట అనుకుని వెళ్ళిపోతారు. ఆ రోజు నుంచి కాయ కోసి గంపలకెత్తేదాకా కాపలా అంతా తోట కొన్నవాడి నెత్తినే పడుతుంది. పిందె గాలికి రాలిందా, ఎవడైనా కోసుకుపోయాడా అని వాళ్ళు నిద్ర పాడుచేసుకుంటారు. మాది మాత్రం ‘మిలిటరీ ఆయన తోట’. కంచె పక్కన దగ్గినా కాల్చేస్తాడని చుట్టుపక్కల ఊళ్ళన్నీ నమ్మాయి. నమ్మించింది సగం మావగారైతే మిగతా సగం ఆ షావుకార్లే. తోట కొన్నవాడు నూజివీడు బజార్లో కొట్టు ముందు కూర్చుని, మా ఆయన సాహసాలకి తన వంతుగా ఇంకో రెండు చేర్చి చెప్పేవాడు. అలా చెబితే ఒక కాపలా మనిషి ఖర్చు తప్పుతుంది. అబద్ధం ఆడినవాణ్ణి అందరూ తిడతారు గాని, దాన్ని ఎత్తుకెళ్ళి వాడుకునేవాళ్ళని ఎవరూ ఏమీ అనరు. నాకు ఆ షావుకార్లంటే ఇప్పటికీ ఒళ్ళుమంటే.

మావగారు కథ మొదలుపెట్టి, కొంతదూరం లాగి, “తర్వాతది నువ్వే చెప్పరా” అని కొడుకుని ముందుకి తోసేవారు. మా ఆయన కాసేపు నసిగేవారు. తర్వాత చెప్పేవారు. అసలు బాధ ఏమిటంటే, చాలా బాగా చెప్పేవారు. వాగులో నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో, బురదలో బూటు ఎలా కూరుకుపోయిందో, పక్కవాడు చచ్చేముందు ఏం అడిగాడో, అన్నీ కళ్ళకి కట్టినట్టు చెప్పేవారు. మావగారు చెప్పినప్పుడు నవ్వుతూ విన్నవాళ్ళు కూడా మా ఆయన చెబుతుంటే నవ్వు ఆపేసేవాళ్ళు.

ఆయన తెల్లవాళ్ళ హయాంలో, పెద్ద యుద్ధం జరుగుతుండగా, పొలం దగ్గర తండ్రితో మాటామాటా వచ్చి ఇల్లు వదిలి పట్టాళంలో చేరారట. మా పెళ్ళి ఆ తర్వాత చాలా ఏళ్ళకి, ఆయన సెలవు మీద వచ్చినప్పుడు అయింది. పెళ్ళిచూపుల నాడు మావగారు ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి కింద ఉన్న మచ్చ మా నాన్నకి చూపించారు. “గుండు దెబ్బండీ. ఇటు తగిలి అటు పోయింది” అన్నారు. మా నాన్న జన్మలో అడవిపందిని మించిన శత్రువుని చూసినవాడు కాదు. ఆ మచ్చని దేవుడి పాదాలు చూసినట్టు చూశాడు. పెళ్ళికొడుకు మాత్రం తల వంచుకుని చాప అంచు గిల్లుతూ కూర్చున్నాడు. ఎంత వినయమో అనుకున్నాను. నాకు నచ్చింది ఆ వినయమే.

యాభైల చివర్లో ఆయన పట్టాళం నుంచి పూర్తిగా వచ్చేశారు. వచ్చిన మరుసటేడు వానల్లో నాకు టైఫాయిడ్ వచ్చింది. ఒళ్ళు తెలియని జ్వరం. పుట్టింటివాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు, అత్తగారు గుమ్మం దగ్గర నుంచే గంజి అందించేవారు. నన్ను చూసుకున్నది మా ఆయన. జ్వరం కాస్త దిగి తెలివి వచ్చాక ఒక సంగతి గమనించాను. నేను పడుకునే ఉన్నాను, నా కింద పక్కబట్ట మారిపోతోంది. ఆయన నన్ను ఎత్తడం లేదు, లేపడం లేదు. ఒక చేత్తో భుజం, ఒక చేత్తో నడుము పట్టి పక్కకి ఒత్తిగిల్లించి, పాత దుప్పటి సగం చుట్టి, కొత్తది సగం పరిచి, మళ్ళీ ఇటువైపు వచ్చేవారు. నేను కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయేది. దుప్పటి మూలలు పరుపు కిందికి కాగితం మడిచినంత నీటుగా మడిచేవారు.

“ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారండీ?” అని అడిగాను.

 బట్టలు బయట పడేసి, చేతులు కడుక్కుని వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చున్నారు.

“నాకు పాదాలు చదునుగా ఉన్నాయని తుపాకీ ఇవ్వలేదు. ఆస్పత్రిలో వేశారు. వార్డు పని.”

“అంటే?”

“అంటే బెడ్ పాన్లు ఎత్తడం. ఒళ్ళు తుడవడం. పుళ్ళు కడగడం. పోయినవాళ్ళకి స్నానం చేయించి గుడ్డ చుట్టడం. వెళ్ళింది మొదలు వచ్చేదాకా అదే.” మోచెయ్యి తిప్పి చూపించి, “ఈ మచ్చ గుండుది కాదు. సూదులు మరగబెట్టే గిన్నె ఒలికింది” అన్నారు.

నేను వెంటనే ఏమనుకున్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ చేతులతో నాకు గంజి పట్టారు, ఆ చేతులతోనే జడ చిక్కు తీశారు.  మా ఇళ్ళల్లో ఆ పనులు చేసేవాళ్ళని గుమ్మం లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు, నీళ్ళు పైనుంచి వంచి పోసేవాళ్ళం. ఆ అలవాటు ఎంత చెడ్డదో అప్పుడు నాకెవరూ చెప్పలేదు, చెప్పినా విని ఉండేదాన్ని కాదు. నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను. ఆయన లేచి, దీపం తగ్గించి, వెళ్ళి అరుగు మీద పడుకున్నారు. తర్వాత మేమిద్దరం ఆ సంగతి చాలాకాలం ఎత్తలేదు.

చైనాతో యుద్ధం వచ్చిన ఏడు మళ్ళీ ఎత్తక తప్పలేదు. అప్పుడు ఊరూరా సభలు. ఆడవాళ్ళు గాజులు తీసిచ్చిన రోజులవి. నూజివీడులో పెట్టిన ఒక సభకి మా ఆయన్ని పిలిచి, వేదిక మీద కుర్చీ వేసి, మెడలో బంతిపూల దండ వేశారు. మావగారు కొత్త ఉత్తరీయం వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. నేను ఆడవాళ్ళ వైపు, గుంజ చాటున. ఆయన వాగు దాటిన కథ చెప్పారు. కాలు తెగిపోయిన ఆఫీసరుని వీపు మీద వేసుకుని, మెడ లోతు నీళ్ళలో అవతలి గట్టుకి చేర్చిన కథ. నా పక్కన ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. “మీ ఆయనేనా? ఎంత పుణ్యం చేసుకున్నావమ్మా” అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి విడిపించుకోవడానికి నేను పడ్డ అవస్థ నాకే తెలుసు. ఆవిడ కొడుకో తమ్ముడో అప్పుడు ఆ మంచుకొండల్లో ఎక్కడో ఉండి ఉంటాడు. ఆవిడ ఏడుపు నిజం, దండ నిజం, చెబుతున్నవాడి గొంతులో వణుకు కూడా నిజమే. ఆ మధ్యలో ఉన్న మనిషి ఒక్కడే నిజం కాదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

మర్నాడు ఆయన తోటలో పాదులు తవ్వుతుంటే అన్నం పట్టుకెళ్ళాను. చుట్టుపక్కల ఎవరూ లేరు.

“ఎందుకండీ ఇదంతా? ఆ కథలు ఎక్కడ పుట్టిస్తున్నారు?”

“పుట్టించడమెందుకు? అవన్నీ జరిగినవే” అన్నారు. “వాగు దాటినవాడు మా వార్డులో ఉండేవాడు. మద్రాసు వైపు కుర్రాడు. ఆఫీసరు బతికాడు, వీడు బతకలేదు. కట్టు మార్చినప్పుడల్లా నొప్పి తెలియకుండా ఉండాలని ఆ కథ చెప్పేవాడు. రోజూ అదే కథ. చివరికి వాడి ఒళ్ళు కడిగింది నేనే.”

“అయితే అలాగే చెప్పొచ్చుగా. ఫలానా కుర్రాడు ఇలా చేశాడని.”

“చెప్పి చూశాను. మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు అలాగే చెప్పాను. ‘అదంతా సరేగాని నువ్వేం చేశావురా?’ అని ఊళ్ళోవాళ్ళు అడిగారు.” గునపం పక్కన పెట్టారు. “తుపాకీ అంటే కూర్చోమని మంచం వేస్తారు. బెడ్ పాన్ అంటే నేను లేచాక ఆ మంచం కడుగుతారు. నువ్వు చెప్పు, నన్నేం చెప్పమంటావు?”

నేను టైఫాయిడ్ నాడు గోడవైపు తిరిగినదాన్ని.

“మావగారికి తెలుసా?” అన్నాను.

“ముందు ఆయనకే చెప్పాను. ‘ఈ మాట ఇంకోసారి ఈ ఇంట్లో అనకు’ అన్నారు. మర్నాడే ఊళ్ళో తుపాకీ దళం అని చెప్పుకొచ్చారు. అప్పటికే పదిమందికీ చెప్పేశాక తండ్రిని అబద్ధాలకోరని ఎలా అంటాను?” అని ఆయన అన్నం ముందు కూర్చున్నారు.

ఆ తర్వాత కొన్నేళ్ళకి మావగారికి పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మూతి వంకరపోయింది, మాట ముద్దముద్దగా వచ్చేది. తెలివి మాత్రం ఎప్పటిలాగే ఉంది. వీధి అరుగు పక్క గదిలో నులకమంచం మీద పడుకోబెట్టాం. కోడలు మావగారి ఎదుట పీట మీద కూడా కూర్చోకూడని ఇల్లు మాది, ఇంక ఒళ్ళు తుడవడం మాటెక్కడిది. అత్తగారికి నడుం వంగదు. కుదిర్చిన మనిషి వాసనకి తట్టుకోలేక చెప్పాపెట్టకుండా మానేశాడు. నూజివీడు నుంచి వచ్చిన కాంపౌండరు చూసి, “ఇలా ఒకే వైపు ఉంచేస్తే పుండ్లు పడతాయండీ, తిప్పుతూ ఉండాలి” అని చెప్పి వెళ్ళాడు.

అదే సాయంత్రం మా ఆయన ఒక బేసిన్లో గోరువెచ్చటి నీళ్ళు, పాత పంచె ముక్కలు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళారు. నేను గుమ్మం ఇవతల ఉన్నాను. మావగారు ఆ బేసిన్ వైపు చూశారు, కొడుకు పట్టుకున్న తీరు చూశారు. పనిచేసే ఎడమచెయ్యి ఎత్తి ఒక్క తోపు తోశారు. నీళ్ళన్నీ నేలపాలయ్యాయి.

“నలుగురూ... చూస్తారు” అన్నారు, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ.

అత్తగారికి లోపలి సంగతి తెలియదు. ఆవిడ కూడా, “నువ్వెందుకురా నాన్నా, సింహం లాంటివాడివి. యుద్ధాలు చేసిన చేతులతో ఈ పనేంటి? నేను చూసుకుంటాలే” అన్నారు. ఆయన నేల తుడిచి బయటికి వచ్చేశారు.

“మీకు చేతనవును కదా. ఒక్క మాట గట్టిగా చెబితే సరిపోదా?” అన్నాను పెరట్లో.

“నాకు చేతనవునని ఆయనకీ తెలుసు. అందుకే ఒద్దంటున్నారు” అన్నారు. “ఎవరైనా ఒకసారి చూస్తే పసికట్టేస్తారు, ఇది కొత్తగా చేస్తున్న చెయ్యి కాదని.”

ఆ విధంగా ఒక అబద్ధాన్ని కాపాడటం కోసం ఒక మనిషి మా ఇంట్లో కుళ్ళడం మొదలుపెట్టాడు. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకాదు. నడుం దగ్గర ఎర్రబడింది, తోలు ఊడింది, గుంట పడింది. అత్తగారు పసుపు అద్దేవారు, ఏడ్చేవారు. వీధిలోకి వాసన రాకుండా నేను పొద్దున్నా సాయంత్రం సాంబ్రాణి వేసేదాన్ని. వరిగడ్డిలో మాగేసిన కాయల్ని రోజూ తిరగేసే ఇల్లు మాది. అడుగుకాయ ఒత్తుకుని చెడిపోతుందని చంటిపిల్లలకి కూడా తెలుసు. మనిషిని తిప్పే దిక్కు మాత్రం లేకపోయింది, ఉన్నవాణ్ణి రానివ్వలేదు. మావగారు పళ్ళు బిగించుకుని భరించేవారు. ఆయన మీద నాకు జాలీ కోపమూ ఒకేసారి వచ్చేవి, ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

పూత బేరాల రోజులు వచ్చాయి. ఎప్పుడూ మా తోట కొనే నూజివీడు షావుకారు, ఆ ఏడు మైలవరం నుంచి ఇద్దరు భాగస్తుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పక్కగది తలుపు ముందే దగ్గరగా వేసి ఉంచాం. తోట చూసి వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

“పెద్దాయనకి ఎలా ఉందండీ?” అని షావుకారు మాటవరసకి అడిగి, జవాబు కోసం ఆగకుండా, “వీళ్ళిద్దరూ మీ వాగు కథ వినాలని పట్టుబట్టారండీ. నేను చెబితే కుదరదు, ఆయన నోటే వినాలన్నాను” అన్నాడు.

మా ఆయన తలుపు వైపు ఒకసారి చూశారు. తర్వాత మొదలుపెట్టారు. ఎప్పటికంటే మెల్లగా చెప్పారు. ఆఫీసరుని వీపు మీదికి ఎక్కించుకుని నీళ్ళలో దిగేదాకా వచ్చారు. లోపల మావగారు అరిచారు. నొప్పికి మూలిగే మూలుగు ఇంట్లో అందరికీ అలవాటే, అది వేరు. ఇది మంచం తడిసి, ఆ తడి పుండుకి తగిలి, ఆపుకోలేక వచ్చిన కేక. మా ఆయన నీళ్ళ మధ్యలో కథ వదిలేశారు. లేచి, చొక్కా విప్పి గుంజకి తగిలించి, పంచె ఎగ్గట్టి లోపలికి వెళ్ళారు. గదిలో చీకటిగా ఉంటుంది, వెలుతురు కావాలి. తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచేశారు.

“నీళ్ళు మరగబెట్టి ఉప్పెయ్యి. పాత పంచెలన్నీ పట్రా. కింద పరవడానికి అరటాకు కూడా” అని నన్ను కేకేశారు. ఆయన నాతో ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. అది వార్డులో గొంతు అయి ఉంటుంది.

మావగారి ఎడమచెయ్యి గాలిలో లేచింది. ఈసారి మా ఆయన ఆ మణికట్టు పట్టుకుని, మెత్తగానే, పక్కన పెట్టారు. తడిబట్ట తీసేశారు. పుండు చుట్టూ తుడిచారు, లోపల కడిగారు, ఆరనిచ్చారు. ఆయన వేళ్ళు ఎక్కడా తడబడలేదు, మొహం ఎక్కడా ముడుచుకోలేదు. నేను మావగారి ఎదుట ఎప్పుడూ అలా నిలబడలేదు, ఆ రోజు బేసిన్ పట్టుకుని పక్కనే నిలబడ్డాను. షావుకారు, ఆ ఇద్దరూ గుమ్మం దాకా వచ్చి, ఉత్తరీయాలు ముక్కులకి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు.

“అయ్యో, మీరెందుకండీ ఈ పని. ఎవరైనా మనిషిని పెట్టుకోవచ్చు కదా” అన్నాడు షావుకారు.

“మిలిటరీలో నా పని ఇదేనండీ” అన్నారు మా ఆయన, తల ఎత్తకుండా. “ఆస్పత్రిలో చేశాను. తుపాకీ ఎప్పుడూ పట్టుకోలేదు.”

ఎన్నో ఏళ్ళుగా ఆ మాట బయటపడితే బావుండునని అనుకున్నాను. తీరా బయటపడ్డాక నా గుండె తేలికపడలేదు. ఇంక ఊళ్ళో తలెత్తుకోలేమని, మా ఇంట మంచినీళ్ళు కూడా ముట్టరని, బజారంతా పాకిపోతుందని ముందు భయపడ్డాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తండ్రి ఒళ్ళు కడుగుతుంటే, నేను పక్కన నిలబడి ఆలోచించింది అది. అందుకు సిగ్గుపడినంతగా నేను ఆయన అబద్ధాలకి కూడా ఎప్పుడూ సిగ్గుపడలేదు.

 అప్పుడు మావగారు తల తిప్పి గుమ్మంలో ఉన్నవాళ్ళని చూశారు. వంకరపోయిన మూతితో, చొంగ కారుతూ, ఒక్కొక్క మాటనీ లాగుతూ చెప్పారు.

“అబద్ధం... వాడు... చంపాడు. చాలామందిని... చంపాడు.”

కళ్ళ నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. కొడుకు చెయ్యి పట్టుకుని, “చెప్పరా... చెప్పు” అన్నారు.

షావుకారు మొహం తేటపడింది. “అదే కదండీ, మనకి తెలియదా. ఆయనకి తన గొప్ప చెప్పుకోవడం ఎప్పుడూ మొహమాటమే” అన్నాడు భాగస్తులతో. వాళ్ళు తలలూపారు. ముగ్గురూ మా ఆయన వైపు చూస్తూ నిలబడ్డారు, ఒక్క మాట కోసం. నేనూ ఆయన వైపే చూశాను. ఆయన కాదంటారని నా ఆశో, ఔనంటారని నా ఆశో, దేవుడి మీద ఒట్టు, ఇప్పటికీ తెలియదు.

మా ఆయన గుమ్మం వైపు చూడలేదు. పిండిన గుడ్డ బేసిన్ అంచున వేసి, తండ్రి చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

“అవును నాన్నా. చంపాను. కాస్త ఇటు తిరుగు.”

మావగారు తిరిగారు.